ఏం గాదు

పట్టు 1

పిల్ల పేరు చైత్రిక. తొమ్మిదేళ్ళ పది నెలలు. భుజాల దగ్గర నేను, కాళ్ళ దగ్గర లింగస్వామి. పట్టిన సమయం నిమిషం నలభై సెకన్లు. గాయాలు: పిల్లకు మోచెయ్యి గీరుకుపోయింది, నాకు ఎడమ బొటనవేలి కింద కండ ఊడింది. కండ అంటే కండే. కొరికి పక్కకు ఉమ్మింది.

ఇకమీదట ప్రతి పట్టూ చేత్తో రాయాలని డాక్టరమ్మ ఈ పుస్తకం ఇచ్చింది. గోడకున్న చెవి వింటుందే గాని చూడదట, అందుకని చూసిన మనిషి సంతకం కావాలట. నా పేరు ఓదెమ్మ. ఇరవై ఆరేళ్ళుగా ఈ అలవాటు బడిలో పిల్లల్ని పట్టుకుంటున్నాను. ఈ వయసులో నన్ను పెన్ను పట్టుకోమంటున్నారు. నా చిరాకు అక్షరాల్లో కనిపిస్తే అది మీ ఖర్మ.

పిల్లను చాప మీద బోర్లా వేసి, భుజాల మీద నా బరువంతా మోపి, "ఏం గాదు బిడ్డా, ఏం గాదు" అన్నాను. అందరం అనే మాటే. పిల్ల గొంతు చించుకుంది. చెవిలో ఎర్ర దీపం వెలిగింది. చెవి అంటే సబ్బుపెట్టె అంత రేకు డబ్బా, దానికి రెండు దీపాలు, ఒక ఆడగొంతు. "బిగించండి" అంది. బిగించాం. పిల్ల తన్నింది, కొరికింది, తలను నేలకేసి కొట్టుకుంది. తర్వాత ఒక్కసారిగా మెత్తబడి, చెంప చాపకు ఆనించి, "ఏం గాదు, ఏం గాదు" అంది. చిన్న గొంతు, వణుకు లేదు. పచ్చ దీపం వెలిగింది. "శాంతించింది. మెట్టు పెంచండి" అంది చెవి.

"సూసినవా ఓదక్కా, మొదటి దినమే పచ్చ!" అన్నాడు లింగస్వామి, పిల్ల పిక్కల మీద కూర్చునే. నాకూ సంతోషమే అయింది. ఇన్నేళ్ళలో మొదటి రోజు పచ్చ చూడలేదు.

పట్టు 2

రెండు నిమిషాలు. గాయాలు చెప్పుకోదగ్గవి లేవు.

ఈ రోజు సరుకుల వరసలో నిలబడి ఉండగా గ్యాస్ సైరన్ మోగింది. ఉత్త అభ్యాసమే. ఎక్కడివాళ్ళం అక్కడే కూలబడి, మాస్కులు తగిలించుకుని, పక్కవాళ్ళ మోచేతుల్లో మోచేతులు మెలేసి కూర్చున్నాం. దీన్నే గొలుసు అంటాం. పైన నేల మీద ఎండ యాభై ఎనిమిది డిగ్రీలు. తాతల కాలంలో బొగ్గు తవ్విన సొరంగాల్లో కాపురాలు పెట్టుకున్నవాళ్ళం, ఇక్కడ గాలి ఎంత ఉందో అంతే. పదకొండేళ్ళ కింద రెండో బొగ్గుపొరలో ఒక మనిషి భయంతో పరిగెత్తి నిప్పుతలుపు తెరిచాడు. గ్యాస్ లోపలికి వచ్చి నలభై ఒక్కమంది పోయారు. గొలుసు అంతకుముందూ ఉన్నదే, అప్పటినుంచి మాత్రం సైరన్ మోగితే ఎవరూ లేవకూడదు.

పదేళ్ళు నిండిన రోజు ప్రతి పిల్లకూ గొలుసు పరీక్ష. సైరన్ కింద మూడు నిమిషాలు లేవకుండా, గొలుసు వదలకుండా కూర్చోవాలి. తప్పితే నిద్రగదికి తీసుకుపోయి సూది వేసి పడుకోబెడతారు. నిద్రగదిలోంచి లేచి వచ్చిన పిల్లను నేను చూడలేదు. పెద్దవాళ్ళు గొలుసు తెంచితే పైకి పంపుతారు, ఒక సీసా నీళ్ళిచ్చి.

ముట్టుకుంటే ఓర్వని పిల్లలను ఆ పరీక్షకు అలవాటు చేసేదే మా బడి. డాక్టరమ్మ కాగితాల్లో వీళ్ళకు ఆటిజం అని రాసి ఉంటుంది. బస్తీలో మాత్రం వాళ్ళను తెంపరి పిల్లలు అంటారు. పూర్వం ఆ మాటకు ముందువెనుకలు చూడనివాళ్ళని అర్థమట. ఇప్పుడు గొలుసు తెంపేవాళ్ళనే అర్థం. చైత్రిక పరీక్షకు అరవై రోజులుంది.

ఆమె తండ్రి సదయ్య రూఫ్ చూసే మనిషి. ఇనుప కడ్డీతో సొరంగం కప్పును కొట్టి, చప్పుడును బట్టి ఎక్కడ డొల్లగా ఉందో చెబుతాడు. తల్లి లేదు. పిల్లను గుమ్మం దగ్గర దింపుతూ, "అక్కా, దానికి సైరన్ చెవుల పడితే సూదులు గుచ్చినట్టైతది. చేతులు మీద పడితే సహించది. తనకు తానైతే వచ్చి నా ఈపుకు ఈపు ఆనిచ్చి గంట కూసుంటది" అన్నాడు.

"ఈపు ఆనిస్తే గొలుసైతదా సదయ్యా?" అన్నాను. నేనే గెలిచాననుకున్నాను. అతను కడ్డీ భుజాన వేసుకుని పనికి పోయాడు.

పట్టు 7

సైరన్‌తో మొదటి పట్టు. రెండు నిమిషాల పది సెకన్లు.

మోత మొదలవగానే పిల్ల తల వెనక్కి విసిరింది. నా ముందు పన్ను ఒకటి సగానికి విరిగి నాలుక మీద పడింది. నోరంతా రక్తం. నేను పిల్లను కొట్టాను. చెంప మీద, అరచేత్తో, బలంగా. పిల్ల ముక్కులోంచి రక్తం కారింది. ఇది పట్టులో భాగం కాదు. రాయకపోయినా చెవికి చప్పుడు తప్ప ఇంకేం తెలియదు, కాని రాస్తున్నాను. సిగ్గేసింది. సిగ్గేసినందుకు మళ్ళీ ఒళ్ళు మండింది.

చెంపదెబ్బ తర్వాత, "ఏం గాదు" అంది పిల్ల. పచ్చ.

పట్టు 16

దుప్పటి మెట్టు. పిల్లను మెడ వరకు దుప్పట్లో చుట్టి, పక్కలు తొక్కిపట్టి, సైరన్ పెట్టాం. మూడు నిమిషాలూ నిండాయి. లింగస్వామి మోకాలు పిల్ల పక్కటెముకల మీద ఉంది. ఒకసారి ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. పిల్ల అంతకుముందే "ఏం గాదు, ఏం గాదు, ఏం గాదు" అనడం మొదలుపెట్టింది కాబట్టి చెవి పచ్చగానే ఉంది.

నర్సు చూసి ఎముక చిట్లిందేమో అంది, కట్టు కట్టింది. రెండు రోజుల తర్వాత మళ్ళీ పట్టుకోవచ్చంది. లింగస్వామి ఆ సాయంత్రం అన్నం తినలేదు. చెడ్డవాడు కాదు. వాళ్ళ అన్న ఆ నలభై ఒక్కమందిలో ఒకడు. "దాన్ని ఎట్లన్న గట్టెక్కియ్యాలె అక్కా" అంటాడు రోజూ. నాకూ అదే మాట. ఈ ఒక్క పిల్లను గట్టెక్కిస్తే చాలు, ఈ పని మానేస్తానని నాలో నేను అనుకున్నాను.

పట్టు 23

మూడు నిమిషాలు, పచ్చ. ఇక రాయడానికేం లేదు.

తర్వాతి రోజు. పట్టు లేదు

పొద్దున బడి వంటింట్లో పిల్లలకు జావ పోస్తున్నాను. చైత్రిక గిన్నె పట్టుకుని నిలబడింది. నా చెయ్యి జారి గరిటెడు కాదు, తపేలాలో సగం జావ ఆమె తొడ మీద పడింది. పొగలు కక్కే జావ.

పిల్ల అరవలేదు. నిలబడినచోటే నిలబడి, "ఏం గాదు, ఏం గాదు" అంది. నేను బతికిపోయాననుకున్నాను. అంత వేడిగా లేదు కాబోలనుకుని గుడ్డ వెతుకుతూ పోయాను, వంటామెను తిట్టాను, గుడ్డ ముంచి పిండి తీరిగ్గా తెచ్చాను. లాగు పైకెత్తి చూస్తే చర్మం ఉబ్బి, పొర లేచి ఉంది. గుడ్డ తగలగానే గుడ్డతో పాటు ఊడి వచ్చింది. పిల్ల కళ్ళు తేలేస్తూ ఉంది, నోరు మాత్రం ఆ మాటే అంటోంది.

ఎత్తుకుని నర్సు దగ్గరికి పరిగెత్తాను. నర్సు సూది తీసి, "ఏం గాదు, ఏం గాదు" అంటూ గుచ్చింది. పిల్ల "ఏం గాదు, ఏం గాదు" అంది. ఇద్దరిదీ ఒకే రాగం. చివర కొంచెం సాగదీయడం కూడా ఒకటే. 

ఈ పిల్ల మాటలు మనలా నేర్చుకోలేదు. ఏ సమయంలో ఏ మాట వినిపిస్తే, ఆ సమయానికి అదే పేరనుకుంది. పుట్టిన దగ్గరనుంచి సూది గుచ్చేముందు ఏం గాదు అన్నాం. పడితే ఏం గాదు అన్నాం. నేను మీద కూర్చున్న ప్రతిసారీ ఏం గాదు అన్నాను. నొప్పికి ఆమెకు తెలిసిన పేరు అదొక్కటే.

పిల్లను పడుకోబెట్టి వచ్చి ఈ పుస్తకం మొదటినుంచి చదివాను. నా చేతిరాతే. ఇరవై మూడు పట్టులు. ప్రతి పట్టులోనూ పిల్ల నొప్పి నొప్పి అని చెప్పింది, పచ్చ దీపం వెలిగింది, మేం మెట్టు పెంచాం. ఎముక చిట్లుతున్నప్పుడు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లని నేనే రాశాను.

ఇంకోటి రాయాలి. రెండేళ్ళ కింద సుహాస్ అనే పిల్లవాడు ఇదే చాప మీద పట్టులో ఉండగా పోయాడు. నేను భుజాల దగ్గర ఉన్నాను. గుండె బలహీనమన్నారు. చెవి చివరిదాకా పచ్చ చూపింది, శాంతంగా పోయాడని వాళ్ళమ్మకు చెప్పాం. ఆమె నా చేతులు పట్టుకుని దండం పెట్టింది. వాడు ఏమన్నాడో నాకు గుర్తుంది. వాడూ అదే అన్నాడు.

 

రెండు రోజులకు

డాక్టరమ్మ హరిణాక్షి గదికి పోయి చెప్పాను. నా కంటే ఇరవై ఏళ్ళు చిన్నది. కింది పొరలో చదువుకుని వచ్చింది, పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడుతుంది. చివరిదాకా విన్నది. తర్వాత లేచి తలుపు మూసింది.

"ఓదెమ్మగారూ, ఈ మాట ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదమ్మా. మీరు చెవికి చెప్పండ్రి. ఆ మాటకు ఎర్ర దీపం వెలగాలె."

"వెలిగితే ఏమవుతుందో ఆలోచించారా? ఈ బడి నుంచి ముప్పై ఎనిమిది మంది పిల్లలు పరీక్ష గట్టెక్కారు. చెవిలో మాట మార్చితే పాత పరీక్షలన్నీ అదే మళ్ళీ లెక్కిస్తుంది. వాళ్ళలో చాలామంది గట్టెక్కింది ఆ మాట మీదే. ఇంట్లో తల్లిదండ్రుల దగ్గరున్న పిల్లలు నిద్రగదికి వెళ్తారు. మీరు మార్చమంటే మారుస్తాను."

 చెప్పడం అయ్యాక ఆమె కుర్చీలో కూలబడింది. ఆమెను తిట్టాలని పోయినదాన్ని మంచినీళ్ళు తాగించి వచ్చాను.

తొడ కాలింది కాబట్టి ఇరవై రోజులు పట్టు వద్దని రాసిచ్చింది. తను చేయగలిగింది అంతే అంది.

పట్టు లేని పన్నెండో రోజు

లింగస్వామిని వేరే పిల్లల దగ్గర వేశారు. గదిలో నేను, చైత్రిక. పట్టు లేదు కాబట్టి చెవి ఆపేసి ఉంది.

మొదటి మూడు రోజులు నన్ను చూడగానే పిల్ల చాప మీద తనే బోర్లా పడుకుంది. తనంతట తనే చేతులు వెనక్కి పెట్టుకుంది. ఎవరూ చెప్పలేదు. అది చూసి నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. నాలుగో రోజు చాప తీసుకుపోయి పొయ్యిలో పెట్టాను.

తర్వాత సదయ్య చెప్పినట్టు, గది మధ్యలో పిల్లకు వీపు పెట్టి కూర్చున్నాను. ఏం చేయలేదు. పప్పులో రాళ్ళు ఏరుకున్నాను. రెండు రోజులు పోయాక వెనకనుంచి చిన్న వీపు వచ్చి ఆనింది. గట్టిగా, నన్ను తోసేస్తున్నట్టే. నేను కదలలేదు. నడుం పట్టేసినా కదలలేదు.

సైరన్ పెట్టె పిల్ల చేతికే ఇచ్చాను. మీట తిప్పితే మోత పెరుగుతుంది, దించితే తగ్గుతుంది. మొదట దోమ అంత మోత, ఒక్క క్షణం. ఈ రోజుకు పూర్తి మోత, ఒకటిన్నర నిమిషం. మీట తన చేతిలో ఉంటే భరిస్తుంది. మోచెయ్యి ముట్టుకోనివ్వదు, అందుకని నా నడుం బెల్టు కొస ఆమె చేతికిచ్చాను. గట్టిగా పట్టుకుంటుంది. ఒకరినొకరు పట్టుకోవాలని నియమం. చేత్తోనే అని ఎక్కడా రాయలేదు, డాక్టరమ్మను అడిగాను. ఒకవైపు బెల్టుకు ఒప్పుకుంది. రెండోవైపు మాత్రం చెయ్యే ఉండాలంది.

ఇంకో పని చేశాను. ఆమె ముందు నా ముంజేతిని గిల్లుకుని "నొస్తాంది" అన్నాను. గోరు దిగి రక్తం వచ్చేదాకా గిల్లుకుని, "నొస్తాంది" అన్నాను. తలుపుకేసి మోకాలు కొట్టుకున్నాను. వంటామె తొంగి చూసి నాకు పిచ్చి పట్టిందని బస్తీ అంతా చెప్పింది. చెప్పుకోనీ.

ఈ రోజు తొడ కట్టు మారుస్తుంటే పిల్ల నా విరిగిన పన్ను వైపు చూస్తూ, "నొస్తాంది" అంది. నేను చెయ్యి తీసేశాను. మళ్ళీ ముట్టుకుంటే, "నొస్తాంది." తీసేశాను. పిల్ల ఆ మాట పదిసార్లు అంది, నేను పదిసార్లు చెయ్యి తీశాను. పదకొండోసారి నవ్వింది. చైత్రిక నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఇంత ఆనందం నాకు నా పెళ్ళినాడు కూడా లేదు.

పట్టు 24

ఇది పట్టు కాదు, కొట్లాట. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇరవై రోజులు అయిపోయాయి. నేను నీళ్ళకు పోయి వచ్చేసరికి లింగస్వామి గదిలో ఉన్నాడు. పిల్ల నేల మీద బోర్లా, అతని మోకాలు నడుం మీద. సైరన్ పూర్తిగా పెట్టాడు. పిల్ల "నొస్తాంది, నొస్తాంది" అంటోంది. ఎర్ర దీపం. "బిగించండి" అంటోంది చెవి. అతను బిగిస్తున్నాడు.

"ఇడువు!" అన్నాను. వినలేదు. మొహం చూస్తే చెమటలు, తనే సైరన్‌కు వణుకుతున్నాడు. బల్ల మీద నా టిఫిన్ డబ్బా ఉంది, మూడు గిన్నెల స్టీలుది. తీసి చెవి మీద కొట్టాను. గోడకున్న చెవి కాదు, లింగస్వామి చెవి. పక్కకు దొర్లాడు. లేవబోతే మళ్ళీ కొట్టాను. కనుబొమ చీలి రక్తం కళ్ళలోకి కారింది. మూడోది కొట్టబోతూ ఆగాను. ఆగకపోతే చచ్చేవాడు, నాకు చంపాలనే ఉండింది.

అతను గోడకు చేరగిలబడి, "ఏం జేసినవే అక్కా" అన్నాడు. కొట్టినందుకు కాదు. "మంచిగ పచ్చ వస్తుండె పొల్లకు. నువ్వు నేర్పిన మాటతోటే ఎర్ర వడుతాంది. పరీక్షల గదే మాటంటే ఏమైతది? నువ్వే నిద్రగదిల పండవెడుతున్నవ్ దాన్ని."

నేనూ నేల మీద కూర్చున్నాను. ఇరవై రోజులుగా ఈ సంగతి నా బుర్రకు తట్టలేదంటే నమ్ముతారా? పిల్ల నిజం చెప్పడం నేర్చుకుందని మురిసిపోతూ ఉన్నాను. ఆమెను ఇంటికి చేర్చగలిగిన ఒక్క అబద్ధాన్ని నేనే ఊడబెరికాను.

లింగస్వామికి అంతా చెప్పాను. జావ సంగతి, సుహాస్ సంగతి. సుహాస్ కాళ్ళ దగ్గర ఉన్నది అతనే. తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. జారి పడ్డానని నర్సుకు చెప్పాడు.

మర్నాడు

మధ్యాహ్నమంతా పాత మాట మళ్ళీ నేర్పాలని చూశాను. నాకు అసహ్యమేసినా చూశాను. పరీక్ష ఇంకా తొమ్మిది రోజులే.

"నొస్తే ఏమనాలె బిడ్డా?"

"నొస్తాంది."

"కాదు. ఏం గాదు అనాలె. అను."

పిల్ల నా మొహం చూడలేదు. నా చేతులు చూసింది. నేను ఆ మాట అన్నానంటే తర్వాత ఏం వస్తుందో ఆమెకు తెలుసు. బల్ల కిందికి పాకి, మూలకు ఒదిగి, చేతులు తనే వెనక్కి పెట్టుకుంది.

ఇక అడగలేదు. నేను కూడా బల్ల కిందికి దూరి, వీపు ఆనించి సాయంత్రం దాకా కూర్చున్నాను. ఏదైతే అదవుతుంది, ఆ మాట మాత్రం ఈ పిల్లకు మళ్ళీ చెప్పను.

పరీక్ష రోజు

పెద్ద హాలు. నలభై మంది గొలుసు. నాకు ఎడమవైపు చైత్రిక, బెల్టు కొస ఆమె గుప్పిట్లో. ఆమెకు అటువైపు లింగస్వామి. పిల్ల ఎరిగిన చెయ్యి అయితే మేలని తనే అడిగి కూర్చున్నాడు. "మెల్లగ పట్టుకుంట అక్కా, ఒట్టు" అన్నాడు. అతను మెల్లగా పట్టుకుంటే పిల్ల ఆ మాట అనే అవసరమే రాదని మా ఆశ. సదయ్య అద్దం తలుపు బయట నిలబడ్డాడు. సొంతవాళ్ళు గొలుసులో కూర్చోకూడదు.

డాక్టరమ్మ ఎప్పటిలాగే నియమాలు పైకి చదివింది. చెవి ఎరుపు చూపితే పిల్ల తప్పినట్టు. ఎరుపుకు ముందే గొలుసులో ఇంకెవరైనా లేస్తే ఆ ఎరుపు లేచినవాళ్ళది, పిల్లది కాదు. పెద్దవాళ్ళు లేస్తే పైకి. ఎదుటివాళ్ళ ప్రాణం కాపాడడానికి లేచినట్టు తేలితే క్షమిస్తారు. ముందూ వెనకా సంగతి పిల్ల పక్కనున్నవాళ్ళిద్దరి సంతకాల మీద తేలుతుంది.

సైరన్ మోగింది. ఈసారి మీట పిల్ల చేతిలో లేదు. అయినా కూర్చుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, బెల్టును గుంజుతూ, ముందుకూ వెనక్కూ ఊగుతూ కూర్చుంది. నిమిషం అయింది. ఒకటిన్నర అయింది. నా మాస్కు లోపల కన్నీళ్ళు కారుతున్నాయి.

రెండు నిమిషాలప్పుడు లింగస్వామి అదుపు తప్పాడు. వాళ్ళ అన్న గుర్తొచ్చాడో ఏమో, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. పిల్ల మోచేతిని పిండేస్తున్నాడు, తెలియకుండానే. పిల్ల "నొస్తాంది" అంది. అందరికీ వినబడేలా, తేటగా. ఎర్ర దీపం వెలిగింది. "బిగించండి" అంది చెవి.

పదకొండేళ్ళుగా ఆ మాట వింటే ఏం చేస్తాడో అదే చేశాడు. చెయ్యి పిల్ల మెడ చుట్టూ వేసి వంచాడు. మాస్కు ఊడి పక్కకు వేలాడింది. పిల్ల లేవలేదు. కొరకలేదు. తన్నలేదు. మోకాళ్ళ మీదికి వంగిపోయి, "నొస్తాంది" అంటూనే ఉంది. మూడోసారికి గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. పెదాలు నల్లబడ్డాయి.

నడుం నుంచి బెల్టు విప్పి నా కుడిపక్క ముసలామె చేతిలో పెట్టి, లేచాను. లింగస్వామి చిటికెన వేలు పట్టి వెనక్కి విరిచాను. వదలలేదు. ఇంకో వేలు విరిచాను. వదలలేదు. అప్పుడు అతని మోచేతిని నా మోకాలికి అడ్డంగా పెట్టి నా బరువంతా వేశాను. ఇరవై ఆరేళ్ళు పిల్లల మీద వేసిన బరువు. ఎముక బయటికి వచ్చింది. అతని రక్తం పిల్ల జుట్టు మీద, నా మొహం మీద చిమ్మింది. అతను అరిచిన అరుపుకు సైరన్ కూడా వినబడలేదు.

పిల్ల దగ్గింది. కింద వేలాడుతున్న మాస్కు తనే తీసి తనే పెట్టుకుంది. బెల్టు కుడి గుప్పిట్లోంచి వదలలేదు. మూడు నిమిషాలు నిండేదాకా కూర్చుంది.

అదే రోజు, తర్వాత

డాక్టరమ్మ నన్నూ, కట్టు కట్టిన లింగస్వామినీ ఒక గదిలో కూర్చోబెట్టి కాగితం ముందు పెట్టింది. "ఎరుపు ముందా, లేవడం ముందా?" అని అడిగింది. అడిగి కిటికీ వైపు తిరిగిపోయింది. మా కిటికీల్లో చూడటానికి బొగ్గుగోడ తప్ప ఏమీ ఉండదు.

నిజం రాస్తే ఎరుపే ముందు. పిల్ల ప్రాణం కాపాడడానికి లేచానని నన్ను క్షమిస్తారు, చైత్రిక నిద్రగదికి పోతుంది. నేనే ముందు లేచానని రాస్తే ఎరుపు నాది. చైత్రిక తండ్రితో ఇంటికి పోతుంది. ఎరుపుకు ముందు పిల్ల మెడ మీద ఎవరి చెయ్యీ లేదు కాబట్టి కారణం లేకుండా గొలుసు తెంచినట్టే, దానికి క్షమాపణ లేదు.

"ఓదెమ్మ ముందు లేచింది" అని రాసి సంతకం పెట్టాను. ఎక్కువసేపు ఆలోచించలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఆలోచిస్తే రాయలేనని భయం.

లింగస్వామి పెన్ను ఎడమ చేత్తో పట్టుకున్నాడు. "నాతోని గాదు అక్కా" అన్నాడు. "నేను పొల్లను చంపబోయిన పాపం నువ్వు మోసుడేంది?"

"నోరు మూసుకొని రాయి. పొల్లకు ఇంకో మనిషన్న కావాలె బస్తీల, దాని మాట ఎరిగినోడు. అది నొస్తాంది అంటే చెయ్యి తియ్యి. గంతే నీ పని, బతికినన్ని దినాలు."

రాశాడు. వంకర అక్షరాలతో, ఏడుస్తూ. కాగితం తడిసిపోతుంటే డాక్టరమ్మ వచ్చి తీసుకుంది. ‘ఉత్తీర్ణత’ అని తన చేత్తో రాసి ముద్ర వేసింది.

చివరి రాత

రేపు పొద్దున తొమ్మిదింటికి లిఫ్ట్.

సదయ్య వచ్చాడు. బిడ్డను తీసుకురావాలనుకున్నాడట, లిఫ్ట్ గోల దానికి పడదు, వద్దన్నాను. ఇంట్లో జావ తాగి పడుకుందట. మెడ చుట్టూ నల్లగా కమిలిందట. నూనె రాయబోతే "నొస్తాంది" అన్నదట, ఆయన చెయ్యి తీసేశాడట. ఇది చెబుతూ నా కాళ్ళ మీద పడ్డాడు. లేపాను. ఇరవై మూడు పట్టులు చదివి చూడు, అప్పుడు పడాలనిపిస్తే పడు అన్నాను.

ఈ పుస్తకం సదయ్యకు ఇస్తున్నాను, డాక్టరమ్మకు కాదు. రూఫ్ చూసే మనిషి అన్ని పొరలూ తిరుగుతాడు. ఏ పొరలో అలవాటు బడి ఉంటే అక్కడి పట్టు మనుషులకు చూపిస్తాడు. చదివినవాళ్ళకు నా మాట ఒకటే. మీ దగ్గర మెత్తబడి పచ్చ చూపించిన పిల్లలు ఏమన్నారో గుర్తు చేసుకోండి. చెవికి చెప్పకండి, చెబితే ఇంటికి పోయిన పిల్లలు మళ్ళీ పట్టుబడతారు. మీ చేతులకు చెప్పండి. చెవి ఎర్ర దీపానికి బిగించమంటుంది, పచ్చ దీపానికి మెట్టు పెంచమంటుంది. వదలమని చెప్పే దీపం దానికి పెట్టనే లేదు, అది మీరే చేయాలి.

సుహాస్ వాళ్ళమ్మ రెండో పొరలో ఉంటుంది. ఆమెకు ఈ పుస్తకం చూపించాలో వద్దో నాకు తెలియలేదు. సదయ్యకే వదిలేశాను. ఇక్కడ మాత్రం నేను పిరికిదాన్ని.

సీసా నీళ్ళు ఇచ్చి పోయారు. పైన ఎండ ఎలా ఉంటుందో నాకు తెలియదు, పుట్టిన దగ్గరనుంచి చూడలేదు. ధైర్యంగా ఉందని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. రాయను. నాకు చాలా భయంగా ఉంది. భయమంటే భయమనే చదవండి.